విరగాల్సిన కుర్చీ

ఫిల్మ్‌నగర్,
జూన్ 2, 2025.

బంజారా హిల్స్‌లోని ఎస్టోనియా కుర్చీల కంపెనీ మేనేజరు గారికి,

నమస్కారాలు. నా పేరు పట్టాభిరామయ్య. సినిమాలకు ఫైటు సామాను చేసి ఇస్తాను. హీరో కుర్చీ ఎత్తి రౌడీ వీపు మీద వేస్తాడు, కుర్చీ ముక్కలైపోతుంది, రౌడీ దుమ్ము దులుపుకుని ఇంకో ఫైటుకు వెళ్తాడు. మీరు చూసే ఉంటారు. ఆ కుర్చీ నాది. మెత్తటి చెక్క తెచ్చి, కీళ్ళ దగ్గర రంపంతో సగం దాకా కోసి, ఆ కోతను మైనంతో పూడ్చి, పైన పాలిష్ పెడతాను. చూడ్డానికి టేకు, తగిలితే అప్పడం. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే నా పని.

పోయిన ఏడాది నా కుర్చీ ఒకటి విరగలేదు. దెబ్బ తిన్న ఫైటరు శ్రీకాంత్‌కు రెండు పక్కటెముకలు విరిగాయి. కోత లోతు తప్పిందన్నమాట. అరవై ఏడేళ్ళ చేతిని ఇక నమ్మకూడదని రంపం గోడకు తగిలించేశాను.

మొన్న జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత గారింట్లో మీ కుర్చీ మీద కూర్చున్నాను. దాని అడుగున ఉన్న గళ్ళ ముద్రకు ఫోను చూపిస్తే ఆ చెక్క ఏ అడవిలో పెరిగిందో, ఏ రోజు కోశారో, ఏ కీలులో ఎంత జిగురు పట్టిందో అన్నీ వచ్చాయి. మన హైదరాబాద్ జనంలో నాలుగో వంతు కూడా లేని దేశమట! అలాంటి చోట ఇంత పని జరుగుతోందని ఆ రాత్రి శ్యామలాదేవికి, అంటే మా ఆవిడకి, మూడుసార్లు చెప్పాను. నాకు ఇరవై నాలుగు కుర్చీలు కావాలి. షరతు ఒక్కటే. మొదటి దెబ్బకే విరగాలి. ఆగస్టు ఇరవైన షూటింగు.

ఇట్లు,
మీ కుర్చీని మెచ్చిన
పట్టాభిరామయ్య

తా.క.: ఫోన్లు చేయకండి. ఫోన్లో చెప్పిన కొలత అవతలివాడి చెవికి చేరేసరికి అంగుళం పెరుగుతుంది. ఉత్తరమే రాయండి. నేను పొద్దున్నే వాకింగుకు వచ్చి మీ గేటు దగ్గరి డబ్బాలో వేసిపోతాను.


బంజారా హిల్స్,
జూన్ 4.

గౌరవనీయులైన పట్టాభిరామయ్య గారికి,

నమస్తే సార్. నా పేరు ఉదయశ్రీ. ఈ ఆఫీసులో మేనేజరు, క్లర్కు, టీ పెట్టే మనిషి అన్నీ నేనే. మా ఇల్లు మధురానగర్. స్కూలు పరీక్షలో లీవు లెటరు తర్వాత తెలుగులో ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి.

మీ ఆర్డరు సిస్టమ్‌లో ఎక్కించాను. సిస్టమ్ అంటే మా ఫ్యాక్టరీ మొత్తాన్ని నడిపే కంప్యూటరు. పదేళ్ళ కింద ఆ ఫ్యాక్టరీ మూతపడబోయిందట. చిన్న దేశం, పనివాళ్ళు తక్కువ, కొనేవాళ్ళు ఇంకా తక్కువ. అప్పుడు ప్రతి మెషీనుకూ సెన్సార్లు పెట్టారు, ప్రతి చెక్కకూ నంబరు ఇచ్చారు. కుర్చీని ముందు కంప్యూటర్‌లోనే తయారుచేసి, అక్కడే బరువు పెట్టి, ఊపి, తోసి చూసి, ఆ తర్వాతే అసలు చెక్క ముట్టుకుంటారు. ఇప్పుడు నలభై మంది కలిసి ముప్పై దేశాలకు పంపుతున్నారు. ఒక్కటే కుర్చీ కావాలన్నా విసుక్కోకుండా ఒక్కటే చేస్తారు. నేను ట్రైనింగుకు వెళ్ళి రెండు వారాలు కళ్ళప్పగించి చూశాను.

ఒక్క చిక్కు వచ్చింది. ‘ఎంత బరువు మోయాలి’ అన్న గడిలో మీ మాట ప్రకారం సున్నా వేశాను. సిస్టమ్ దాన్ని నా పొరపాటు అనుకుని నూట ఇరవై కిలోలని దిద్దింది. మళ్ళీ సున్నా వేశాను. అది మళ్ళీ దిద్ది, నన్ను కాసేపు విశ్రాంతి తీసుకోమంది. అందుకని ‘ప్రత్యేక వివరాలు’ అన్నచోట ‘ఈ కుర్చీతో మనుషులను కొడతారు’ అని స్పష్టంగా రాశాను. వెంటనే పచ్చ టిక్కు వచ్చింది. అర్థం చేసుకున్నట్టే ఉంది. మాదిరి కుర్చీ విమానంలో వస్తోంది.

ఇట్లు,
ఉదయశ్రీ

తా.క.: ఆ రెండు వారాల్లో అక్కడ ఒక్క కుర్చీ విరగడం కూడా నేను చూడలేదు సార్. మీదే మొదటిది కాబోతోంది.


ఫిల్మ్‌నగర్,
జూన్ 17.

ఉదయశ్రీ గారికి పట్టాభిరామయ్య ఆశీస్సులు.

కుర్చీ చేరింది. ముందు మెచ్చుకోనివ్వండి, తిట్లు తర్వాత. గోరుతో వెతికినా అతుకు దొరకలేదు. చెక్కలో చిన్న ముడి కూడా లేదు. ముడి ఉన్న చెక్కను కెమెరా చూసి పక్కకు తోసేస్తుందని గళ్ళ ముద్రలో చదివాను. ఇన్నేళ్ళూ నేను కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని చేసిన పని అది. ఎక్కడో మంచులో ఒక మెషీను నాకంటే బాగా చేస్తోందంటే కుళ్ళుకోవాలి కదా? కుళ్ళుకోలేదు. కళ్ళు చెమర్చాయి.

ఇక జరిగింది వినండి. ఫైట్ మాస్టరు వచ్చారు. మనిషి బదులు ఇసుక బస్తాను నిలబెట్టాం. మాస్టరు కుర్చీ ఎత్తి ఒక్కటి వేశారు. బస్తా పగిలి ఇసుకంతా మా ఆవిడ ఎండబెట్టిన వడియాల మీద పడింది. “పట్టాభి గారూ, ఇది కుర్చీయా, రోకలా?” అని పౌరుషం కొద్దీ మా పెరట్లో నిలబెట్టి ఉన్న పాత సినిమా సెట్టు స్తంభాన్ని కొట్టారు. స్తంభం పడిపోయింది. మాస్టరు గారి మణికట్టు బెణికింది. కుర్చీ మీద గీత కూడా పడలేదు.

ఉదయశ్రీ గారూ, మీ వాళ్ళకు ఇలా రాయండి. పట్టాభిరామయ్యకు గట్టి కుర్చీ వద్దు, పిరికి కుర్చీ కావాలి.

ఇట్లు,
పట్టాభిరామయ్య

తా.క.: కుర్చీ తిప్పి పంపుదామంటే శ్యామలాదేవి దాని మీద కూర్చుని లేవడం లేదు. ఆవిడ నడుం నొప్పి తగ్గిందట. ఈ సంగతి మాత్రం మీ సిస్టమ్‌కు చెప్పకండి, పొంగిపోతుంది.


బంజారా హిల్స్,
జూన్ 20.

పట్టాభిరామయ్య గారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు టీలు తాగాను.

నేను రాసిన ‘మనుషులను కొడతారు’ అన్న మాట చదివి సిస్టమ్ మీ కుర్చీని ‘అతి కఠిన వాడకం’ అన్న తరగతిలో వేసిందట. ఓడల మీదకి, జైళ్ళకి వెళ్ళే కుర్చీల తరగతి అది. సరే, మీ ఉత్తరంతో అంతా సర్దుకుంటుందని దాన్ని స్కాన్ చేసి పంపాను. వినియోగదారుల ఉత్తరాలు ఏ భాషలో ఉన్నా అదే చదువుకుంటుంది. అదొక అద్భుతం. అదే మన కొంప ముంచింది.

స్తంభం పడిపోయిందని చదివి అది సంతోషించినట్టుంది, ఆ పేరాకు ఐదు నక్షత్రాలు ఇచ్చింది. మణికట్టు బెణికిందన్న దగ్గర మాత్రం ఎర్ర దీపం వెలిగింది. ‘వాడేవారికి గాయం’ అని వచ్చింది. ఇక ఆగలేదు. కుర్చీ కాళ్ళకు చేత్తో పట్టుకోవడానికి మెత్తటి పిడులు అమర్చి, మూలలకు ఇంకో పొర వేసి, కంప్యూటర్‌లో పరీక్షించి, మెషీనుకు పంపేసింది. అంతా కలిపి నలభై నిమిషాలు. నేను భోజనానికి వెళ్ళొచ్చేసరికి రెండో కుర్చీ పుట్టేసింది సార్. తిట్టాలో చప్పట్లు కొట్టాలో నాకు తెలియలేదు. ఉచితంగా పంపుతున్నారు, క్షమాపణతో సహా.

ఇట్లు,
తలదించుకున్న
ఉదయశ్రీ

తా.క.: ‘పిరికి కుర్చీ’ అన్న మాటకు సిస్టమ్ అర్థం వెతికి, దానికి ధైర్యం చెప్పడానికే మూలల్లో ఆ పొర వేశానని రాసింది.


ఫిల్మ్‌నగర్,
జులై 4.

అమ్మాయ్ ఉదయశ్రీకి,

ఇక ‘గారూ’ ఎందుకు, మన కష్టం ఒకటే అయింది. రెండో కుర్చీ వచ్చింది. ఆ పిడులు చేతికి ఎంత చక్కగా కుదిరాయంటే ఫైట్ మాస్టరు దాన్ని వదలడం లేదు. తన జీవితంలో ఇంత మంచి ఆయుధం చూడలేదట. వచ్చే సినిమాలో విలన్‌కి ఇదే ఇస్తానంటున్నారు. ఈసారి ఆయన మా ఇంటి వెనక మామిడి చెట్టును కొట్టారు. కాయలు రాలాయి. మా ఆవిడ మళ్ళీ కొట్టమంది.

నవ్వు అయిపోయింది, ఇప్పుడు అసలు మాట. ఆగస్టు ఇరవైన ఆ కుర్చీ దెబ్బ తినబోయేది మళ్ళీ శ్రీకాంతే. ఎముకలు అతుక్కున్నాయి, పని కావాలి, పిలిస్తే ఒప్పుకున్నాడు. ఏడాది కింద ఆస్పత్రికి పండ్లు పట్టుకుని వెళ్తే నన్ను చూసి గోడ వైపు తిరిగిపోయాడు. ఆ తర్వాత మా ఇంటి ఛాయలకు రాలేదు. నేనూ వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నాకు కోపం లేదమ్మా, భయం ఉంది. నా కోత మీద నాకు నమ్మకం పోయింది. గోడ మీది రంపం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తున్నాను. విరగని ఆ పాత కుర్చీని ఇప్పటికీ నా పని షెడ్డులో దుప్పటి కప్పి ఉంచాను. ఏడాదిగా దాన్ని ముట్టుకోలేదు.

తప్పు చేయని మెషీను ఉందని నీ దగ్గరికి వచ్చాను. ఆ మెషీను ఒప్పుకోకపోతే, వేరే ఎవరో మేకులు కొట్టిన కుర్చీ తెస్తారు. వాడి వీపు ఏమవుతుందో తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

ఇట్లు,
పట్టాభిరామయ్య

తా.క.: ఈ ఉత్తరం సిస్టమ్‌కు చూపించకు. నా బాధ చదివి నాకు ఒక మంచం పంపినా పంపుతుంది.


బంజారా హిల్స్,
జులై 7.

పట్టాభిరామయ్య గారికి,

మీ ఉత్తరం సిస్టమ్‌కు చూపించలేదు. యాన్‌కు ఇంగ్లీషులో చదివి వినిపించాను.

యాన్ అంటే అక్కడి పెద్ద వడ్రంగి, అరవై మూడేళ్ళు. వేలి కణుపుతో చెక్కను తట్టి లోపల పగులుందో లేదో చెప్పేవాడు. సెన్సార్లు వచ్చినప్పుడు తన పని అయిపోయిందనుకున్నాడట. కానీ కంపెనీ వాళ్ళు ఆరు నెలలు ఆయన పక్కన కూర్చుని ఆ చప్పుళ్ళన్నీ రికార్డు చేసి మెషీనుకు నేర్పారు. ఇప్పుడు మెషీను తడుతుంది, ఆయన తెర ముందు కూర్చుని దాని తప్పులు దిద్దుతాడు. ట్రైనింగులో నాకు చెక్కలోని పొరల గురించి చెప్పింది ఆయనే.

వీడియో కాల్‌లో అంతా విని ఆయన ఒకటే ప్రశ్న వేశాడు. “ఈ వస్తువు ఎవరిని కాపాడాలి?” కూర్చునేవాణ్ణి కాదు, దెబ్బ తినేవాణ్ణి అన్నాను. ఆయన తల కొట్టుకున్నాడు. “అయితే దీన్ని కుర్చీ అని ఎందుకు రాశావమ్మా? ఇది రక్షణ సామాను. హెల్మెట్ల పక్కన ఉండాల్సింది” అన్నాడు.

మనిషికి దెబ్బ తగలకుండా తాము పగిలిపోయే వస్తువులకు సిస్టమ్‌లో వేరే విభాగం ఉందట సార్! అందులోకి మార్చగానే అది మొదటిసారి మనతో గొడవ పెట్టుకోకుండా నెమ్మదిగా అడిగింది. ఎంత దెబ్బకు, ఎక్కడెక్కడ విరగాలి? మాదిరి పంపండి అని. దానికి తెలియని విద్య ఇది. మీకే తెలుసు.

సరిగ్గా విరిగే మీ కుర్చీ ఒకటి పంపండి. ఇంకోటి కూడా అడుగుతున్నాను, కోప్పడకండి. దుప్పటి కింద ఉన్నదాన్ని కూడా పంపండి. ఎందుకు విరగలేదో తెలిస్తేనే మెషీను ఆ తప్పు చేయకుండా ఉంటుంది అంటున్నాడు యాన్.

ఇట్లు,
ఉదయశ్రీ

తా.క.: విభాగం మారినా పాత అలవాటు పోలేదు. ఈ హెల్మెట్టుకు నాలుగు కాళ్ళు ఎందుకని సిస్టమ్ అడుగుతోంది.


ఫిల్మ్‌నగర్,
జులై 9.

అమ్మాయ్,

రెండూ పంపుతున్నాను. సరైనది ప్రమాదానికి ముందు అదే వరసలో చేసినది, వాడకుండా మిగిలింది. రెండోది దుప్పటి తీయకుండానే కట్టించాను. తీసి చూసే ధైర్యం నాకు లేదు. నా చెయ్యి ఎక్కడ తప్పిందో వాళ్ళు చూసుకోనీ, నాకు మాత్రం బొమ్మలు పంపకు. ఒక్క ముక్కలో చెప్పు చాలు.

పట్టాభిరామయ్య

తా.క.: పార్సిలు కాగితంలో ‘వస్తువు స్థితి’ రాయమన్నారు. మొదటిదానికి ‘చాలా బాగుంది, తగిలితే విరుగుతుంది’ అనీ, రెండోదానికి ‘పనికిరాదు, విరగలేదు’ అనీ రాశాను. కౌంటరులో ఆయన రెండుసార్లు చదివి నాకు మంచినీళ్ళు ఇచ్చాడు.


బంజారా హిల్స్,
జులై 28.

పట్టాభిరామయ్య గారికి,

ఒక్క ముక్కలో చెప్పమన్నారు. మీ చెయ్యి తప్పలేదు.

ఇప్పుడు మిగతాది. రెండు కుర్చీలనూ విప్పకుండా, ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసినట్టు లోపలి దాకా స్కాన్ చేశారు. ఒక్కో కుర్చీలో పదహారు కోతలు. ఆ కుర్చీలో పదహారు, ఈ కుర్చీలో పదహారు పక్కపక్కన పెట్టి కొలిస్తే తేడా వెంట్రుక మందం కూడా లేదు. ప్రమాదం జరిగిన కుర్చీ కూడా మొదటి దెబ్బకే విరగాల్సిందే. దాన్ని విరగనివ్వనిది వేరే ఉంది. కూర్చునే పలక అడుగు నుంచి ఎవరో ఏటవాలుగా నాలుగు పొడుగాటి స్క్రూలు బిగించారు. అవి సరిగ్గా మీ నాలుగు ముఖ్యమైన కోతలకు అడ్డంగా దిగాయి. కోత మైనాన్ని చీల్చుకుని వెళ్ళాయి కాబట్టి మీరు చేసిన తర్వాతే బిగించారని యాన్ అంటున్నాడు. పైనుంచి చూస్తే కనిపించవు. తిరగేస్తేనే కనిపిస్తాయి.

సార్, నేను ఈ రిపోర్టు చదివి ఆఫీసులో ఒక్కదాన్నే ఏడ్చాను. ఎవరూ చూడలేదు, అన్ని ఉద్యోగాలూ నావే కదా.

స్క్రూలు ఎవరు వేశారో మెషీను చెప్పలేదు. అది మీరే కనుక్కోవాలి. కుర్చీల సంగతి మాత్రం తేలిపోయింది. మీ కోతలను కంప్యూటర్‌లో ఎక్కించి, శ్రీకాంత్ అంత మనిషి బొమ్మ మీద మూడు వేల సార్లు కొట్టి చూశారు. మూడు వేల సార్లూ కుర్చీయే విరిగింది. ఇరవై నాలుగూ వచ్చే వారం మెషీను ఎక్కుతాయి, విమానంలో ఆగస్టు పదిహేను లోపు వస్తాయి.

ఇట్లు,
ఉదయశ్రీ

తా.క.: పదహారు కోతలూ అంత సమానంగా ఉండడం చూసి ఫ్యాక్టరీలో ఎవరూ చేతి పని అంటే నమ్మలేదు. ఆ మెషీను మోడల్ ఏమిటో, ఎక్కడ తయారైందో కనుక్కోమని నాకు ఉత్తరం వచ్చింది. ఏమని రాయను?


ఫిల్మ్‌నగర్,
ఆగస్టు 1.

చిరంజీవి ఉదయశ్రీకి పట్టాభిరామయ్య, శ్యామలాదేవి ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి మా ఆవిడ చదివింది, నాకు అక్షరాలు కనిపించక. ఏడాది పాటు ఒక్కసారి దాన్ని తిరగేసి చూసి ఉంటే అయిపోయేది. తప్పు నాదేనని ముందే ఖాయం చేసుకున్నవాణ్ణి, తిరగేసి చూడాలని తోచలేదు.

స్క్రూలు ఎవరు వేశారో తేల్చాలని నిన్న తెల్లారగానే మీ మధురానగర్ వచ్చాను. శ్రీకాంత్ అక్కడే కిరాయికి ఉంటున్నాడు. షూటింగులో నాతో విరోధం ఉన్నవాడెవడో చెబుతాడని ఆశ. నన్ను గుమ్మంలో చూసి వాడి మొహం పాలిపోయింది. నేను నీ రిపోర్టు తీసి, “ఎవడో నాలుగు స్క్రూలు బిగించాడ్రా, నిన్ను చంపబోయాడు. ఎవడో చెప్పు, వాడి అంతు చూస్తాను” అన్నాను.

వాడు అక్కడే నేల మీద కూలబడ్డాడు.

“నేనే సార్” అన్నాడు.

“నువ్వా? ఎందుకురా?” అన్నాను.

“గా రోజు లంచ్ టైంల కూసుందామంటే ఒక్క కుర్చీ ఖాళీ లేకుండె సార్. మీ కుర్చీ మీదనే కూసోని బిర్యానీ తిన్న. సగం తినంగనే కిర్రుమన్నది. షాట్ కంటే ముంగటనే ఇరిగితే మీ కష్టమంత ఖరాబైతదని, లైట్ మ్యాన్ దగ్గర స్క్రూడ్రైవర్ అడుక్కొని కింద నుంచి నాలుగు స్క్రూలు బిగించిన. తిన్నంక తీసేద్దామనుకున్న. గంతల్నే షాట్ రెడీ అన్నరు. మర్శిపోయిన.”

“మరి ఏడాది నుంచి నాకెందుకు చెప్పలేదురా?”

“ఎట్ల చెప్పాలె సార్? పాలిష్ పెట్టి దేవుని లెక్క చేసిన కుర్చీని ఖరాబ్ చేసిన. గది గూడ బిర్యానీ కోసం. దవాఖానకు మీరు పండ్లు పట్టుకొని వస్తే మొకం సూపియ్యనీకి సిగ్గైంది. గందుకే గోడ దిక్కు తిరిగిన.”

చూశావా అమ్మాయ్! నా చెయ్యి తప్పిందని నేను ఇక్కడ అన్నం మానేశాను. నా కుర్చీ పాడుచేశానని వాడు అక్కడ నాకు మొహం చాటేశాడు. మా ఇద్దరికీ మధ్య నాలుగు స్క్రూలు, ఆరు కిలోమీటర్ల దూరం. ఈ చిక్కు విప్పడానికి ఆ కుర్చీ విమానమెక్కి వేరే దేశం పోవలసి వచ్చింది. వాణ్ణి ముందు ఒకటి పీకాను, తర్వాత కావలించుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. వాడి పక్కటెముకలు బాగానే అతుక్కున్నాయి, గట్టిగా పట్టుకుని చూశాను.

మీ వాళ్ళ కుర్చీలు రాగానే మొదటి దెబ్బ నేనే కొడతానని ఫైట్ మాస్టరుకు చెప్పేశాను. నీ మెషీను మూడు వేల సార్లు కొట్టి చూసిందంటున్నావు కాబట్టి భయం లేదు. ఇంటికొచ్చి గోడ మీంచి రంపం తీశాను. ఒక చెక్క తెచ్చి కోశాను. కోత గీత దాటలేదు. ఇక మీదట కొత్త కోత ఏది కనిపెట్టినా ముందు నేను చేత్తో చేసి పంపుతాను, ఆ తర్వాత మీ మెషీను నేర్చుకుంటుంది. యాన్‌తో చెప్పు, ఆయనకు నా నమస్కారం. వాళ్ళ ఫ్యాక్టరీ చల్లగా ఉండాలి.

వాళ్ళు అడిగిన వివరాలు ఇలా రాయి. మోడల్: 1958. తయారైన ఊరు: తెనాలి. మరమ్మతులు చూసేది: శ్యామలాదేవి.

ఇట్లు,
నీ పట్టాభిరామయ్య

తా.క.: ఒక చిన్న మార్పు చేయించాలి. సిస్టమ్ ఎంత గోల పెట్టినా వినకు. ఇరవై నాలుగు కుర్చీల మీదా పెద్ద తెలుగు అక్షరాలతో ‘దీని మీద ఎవరూ కూర్చోకూడదు’ అని చెక్కించు.